వాళ్ళకి చలి వేయదట

మా హాస్టల్ సెకండ్ ఫ్లోర్‌లో వాటర్ కూలర్ పక్కన గోడకి ఒక స్టిక్కర్ ఉంటుంది. టెలీ మానస్, 14416. దాని కింద ఎవరో మార్కర్‌తో పిచ్చోళ్ళ నంబర్ అని రాశారు. ఫస్ట్ ఇయర్‌లో అది చూసి నేనూ నవ్వాను. ఫోటో తీసి మా గ్రూప్‌లో పెట్టింది కూడా నేనే.

సెకండ్ ఇయర్‌లో, నవంబర్ నెలలో ఒక రాత్రి, ఆ నంబర్‌కి నేనే ఫోన్ చేశాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. ఆ తర్వాత, ఇలా డబ్బులు అడగకుండా ప్రభుత్వమే మనసు బాగోలేని వాళ్ళని చూసుకోవాలి అని ముందు ఎవరు పట్టుబట్టారా అని వెతికాను. ఎక్కడ చదివినా ఒక పేరు తగులుతూనే ఉంది. డోరొతియా డిక్స్. నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదవండి.

డోరొతియా 1802 ఏప్రిల్ 4న అమెరికాలో, ఇప్పటి మెయిన్ రాష్ట్రంలోని హాంప్డెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి ఊరూరా తిరిగి మతబోధ చేసేవాడు. తల్లికి ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు. దాంతో ఇంటి పని, ఇద్దరు తమ్ముళ్ళ బాధ్యత ఈ పిల్ల మీదే పడ్డాయి. 12 ఏళ్ళ వయసులో ఆ ఇల్లు వదిలి బోస్టన్‌లో ఉన్న నానమ్మ దగ్గరికి వచ్చేసింది. 14 ఏళ్ళకే వూస్టర్ అనే ఊళ్ళో చిన్నపిల్లలకి బడి పెట్టింది. మనం టెన్త్ కూడా పూర్తి చేయని వయసు అది.

తర్వాత బోస్టన్‌లో ఇంకో బడి పెట్టింది. ఫీజు కట్టగలిగిన వాళ్ళకి ఒకటి, కట్టలేని పిల్లలకి ఉచితంగా ఇంకొకటి. 1824లో పిల్లల కోసం ఒక పాఠ్యపుస్తకం కూడా రాసింది. పని, పని, పని. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా ఆపలేదు. చివరికి 1836లో ఒళ్ళూ మనసూ రెండూ ఒకేసారి కుప్పకూలాయి. బడి మూసేయాల్సి వచ్చింది. డాక్టర్లు ఊరు మారమంటే ఇంగ్లండ్ వెళ్ళింది. అక్కడ లివర్‌పూల్‌లో రాత్‌బోన్ అనే కుటుంబం ఆమెని ఏడాదికి పైగా తమ ఇంట్లో పెట్టుకుని చూసుకుంది.

నేను ఈ భాగం దగ్గర చాలాసేపు ఆగాను. ఆమె కోలుకుంది అంటే, అడగకుండా చోటిచ్చిన ఒక ఇల్లు దొరికింది కాబట్టి. అలాంటి ఇల్లు దొరకని వాళ్ళ సంగతేంటి?

ఆమె ఇంగ్లండ్‌లో ఉండగానే నానమ్మ చనిపోయింది. ఆవిడ వదిలిన ఆస్తితో డోరొతియాకి ఇక సంపాదించాల్సిన అవసరం లేకపోయింది. ప్రశాంతంగా ఇంట్లో కూర్చోవచ్చు. కానీ 1841 మార్చిలో ఒక ఆదివారం, బోస్టన్ పక్కనే ఉన్న ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైల్లో ఆడ ఖైదీలకి పాఠం చెప్పడానికి వెళ్ళింది. అక్కడ ఖైదీలతో పాటు ఏ నేరమూ చేయని ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి మతి స్థిమితం లేదు, అంతే. ఉంచడానికి వేరే చోటు లేక జైల్లో పెట్టారు. వాళ్ళ గదిలో పొయ్యి లేదు. అక్కడ మార్చిలో ఇంకా మంచు కాలమే. ఎందుకు వేడి లేదని అడిగితే, పిచ్చివాళ్ళకి చలి తెలియదు అన్నది జవాబు.

ఆమె కోర్టు దాకా వెళ్ళింది. ఆ గదిలోకి పొయ్యి వచ్చింది. మనలో చాలామందిమి అక్కడితో సంతోషించి ఇంటికి వచ్చేస్తాం. ఆమె మాత్రం మిగతా ఊళ్ళలో ఎలా ఉందో చూడాలనుకుంది. మసాచుసెట్స్ రాష్ట్రమంతా తిరిగింది. జైళ్ళు, అనాథ గృహాలు, డబ్బు తీసుకుని ఇలాంటి వాళ్ళని ఉంచుకునే ఇళ్ళు, అన్నీ ఒక్కొక్కటే లోపలికి వెళ్ళి చూసింది. గొలుసులతో కట్టేసిన వాళ్ళు, బోనుల్లో ఉన్నవాళ్ళు, నేలమాళిగల్లో బట్టలు కూడా లేకుండా ఉన్నవాళ్ళు. నోట్‌బుక్‌లో ఊరి పేరుతో సహా రాసుకుంది.

కోడింగ్ చేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. యాప్ బాగోలేదు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ పేజీలో, ఏం నొక్కితే, ఏం జరిగిందో రాస్తేనే అది బగ్ రిపోర్ట్. డోరొతియా 1843లో రాష్ట్ర శాసనసభకి ఇచ్చిన వినతిపత్రం అలాంటిదే. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఓటు లేదు, సభలో మాట్లాడే వీలూ లేదు. అందుకే శామ్యూల్ హోవ్ అనే సభ్యుడి చేత ఆ పత్రాన్ని సభ ముందు పెట్టించింది. కొన్ని ఊళ్ళ వాళ్ళు అవన్నీ అబద్ధాలన్నారు. అయినా చివరికి వూస్టర్‌లోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని పెద్దది చేయడానికి డబ్బు మంజూరైంది.

ఆ తర్వాత పక్క రాష్ట్రం, దాని పక్క రాష్ట్రం. ప్రతిచోటా అదే పద్ధతి. వెళ్ళడం, చూడడం, రాయడం, సభ్యులని ఒప్పించడం. ఆమె పట్టుదలతో కొత్తగా కట్టిన మొదటి ఆసుపత్రి 1848లో న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో తెరుచుకుంది.

అదే ఏడాది నార్త్ కరోలినాలో మాత్రం సభ కుదరదంది. ఖర్చు ఎక్కువని. అప్పుడు ఆమె దిగిన హోటల్లోనే ఒక శాసనసభ్యుడి భార్య, లూయిసా డాబిన్, జబ్బుతో మంచం మీద ఉంది. డోరొతియా పక్కన కూర్చుని సేవ చేసింది. చనిపోయే ముందు లూయిసా, ఆ బిల్లు గెలిపించమని భర్తని కోరింది. ఆయన అంత్యక్రియలు పూర్తి చేసుకుని వచ్చి సభలో మాట్లాడాడు. బిల్లు గెలిచింది. ఆసుపత్రికి డోరొతియా పేరు పెడతామంటే ఆమె వద్దంది. ఆ కొండకి వాళ్ళ తాతయ్య గుర్తుగా డిక్స్ హిల్ అని పేరు పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకుంది.

ఆమె పెద్ద ఓటమి 1854లో. ఒక్కో రాష్ట్రం గడప ఎక్కి అడిగే బదులు దేశమే బాధ్యత తీసుకోవాలని ఆమె కోరిక. 1,22,25,000 ఎకరాల ప్రభుత్వ భూమి కేటాయించి, అమ్మగా వచ్చిన డబ్బుతో మానసిక రోగులని, చూపు, వినికిడి లేనివాళ్ళని చూసుకోవాలన్నది బిల్లు. ఆరేళ్ళు దాని వెనకాలే తిరిగింది. ఉభయ సభలూ ఒప్పుకున్నాయి. ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ పియర్స్ వీటో చేశాడు. ఇలాంటి దానధర్మాలు కేంద్రం పని కాదు, రాష్ట్రాలు చూసుకోవాలి అన్నది ఆయన వాదన. గొడవంతా ఆ దానధర్మం అనే మాట దగ్గరే. ఆమె అడిగింది దానం కాదు.

ఆమెని దేవతని చేయడం నాకు ఇష్టం లేదు. దక్షిణాది రాష్ట్రాల్లో అంత తిరిగినా బానిసత్వం గురించి నోరు విప్పలేదు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక సైన్యంలో నర్సులందరికీ పైఅధికారిగా చేసింది కానీ, డాక్టర్లతో రోజూ తగాదాలే. ఆమె కట్టించినవి, పెంచినవి కలిపి 30కి పైగా ఆసుపత్రులు. వాటిలో చాలావరకు తర్వాత జనంతో కిక్కిరిసిపోయి, మళ్ళీ చెడ్డ చోట్లుగానే మారాయి. ఒకసారి కట్టేస్తే అయిపోయే పని కాదిది.

1881లో, ఒంట్లో ఓపిక అయిపోయాక, ఆమె ట్రెంటన్ ఆసుపత్రికే వచ్చింది. న్యూజెర్సీ సభ ఆమె బతికినంత కాలం ఉండడానికి అక్కడ గదులిచ్చింది. 1887 జూలై 17న అక్కడే చనిపోయింది. తన సొంత ఇల్లంటూ లేకుండా, తను వేరేవాళ్ళ కోసం కట్టించిన ఇంట్లో.

ఇప్పుడు నా సంగతి. రెండు బ్యాక్‌లాగ్స్, మూడు వారాలుగా నిద్ర లేదు. నాన్నకి ఫోన్‌లో అంతా ఓకే అని చెప్తున్నాను. గోడ మీద నంబర్ రోజూ కనిపిస్తోంది కానీ, నాకంటే నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళ లైన్ నేను ఆపుతానేమో అనిపించేది. నాకేం కాలేదు, నేను బానే ఉన్నాను అని నాకు నేనే చెప్పుకునేదాకా వచ్చింది. ఆ జైల్లో వాళ్ళకి చలి వేయదని వేరేవాళ్ళు అన్నారు. నా విషయంలో ఆ మాట అంటున్నది నేనే.

ఆ రాత్రి స్టడీ రూమ్ వెనక మెట్ల మీద కూర్చుని కాల్ చేశాను. భాష ఎంచుకోమంటే ఎందుకో తెలుగు నొక్కాను. ఒక అక్క ఎత్తారు. ఏమైందంటే నాకు ఒక్క తెలుగు పదం రాలేదు. చివరికి మా అమ్మమ్మ అనే మాటే వచ్చింది, గుండెల్లో ఒకటే దడగా ఉంది అని. ఆ అక్కకి అర్థమైంది. అన్నం తిన్నావా అని అడిగారు. తొందర పెట్టకుండా విన్నారు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పమన్నారు, నిద్ర సరి కాకపోతే డాక్టర్‌ని కలవమన్నారు. మర్నాడు నాన్నకి చెప్పాను. ఆయన తిట్టలేదు. ఆ శనివారం బస్సెక్కి వచ్చేశారు.

ఈ సర్వీస్ మన దేశంలో 2022 అక్టోబర్ 10న మొదలైంది. 24 గంటలూ ఉంటుంది, పైసా అడగరు. అవసరమైతే స్పెషలిస్ట్‌కి కలుపుతారు. మానసిక వైద్యం ప్రభుత్వం నుంచి పొందడం మన హక్కని 2017 చట్టం చెప్తోంది. డోరొతియా ఆరేళ్ళు తిరిగి ఓడిపోయింది ఇలాంటి మాట కోసమే. సెమ్ ఎగ్జామ్స్ దగ్గరికొస్తున్నాయి. మీకు వేసే చలి పెద్దదా చిన్నదా అని కొలుచుకుంటూ కూర్చోకండి. చేయండి.

పోయిన వారం ఆ మార్కర్ రాతని శానిటైజర్ పోసి తుడిచాను. పూర్తిగా పోలేదు. నంబర్ మాత్రం బాగానే కనిపిస్తోంది.