ఇటుక నేర్పిన మాస్టారు

మీస్ వాన్ డెర్ రో 1886లో జర్మనీలోని ఆకెన్‌లో పుట్టారు. తండ్రి రాతిపని మేస్త్రి. ఈయనకు ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదు. డిప్లమావాణ్ని కదా, ఈ సంగతి నాకు మహా ఇష్టం. ఆయన నడిపిన బౌహౌస్ స్కూలు నాజీల ఒత్తిడితో 1933లో మూతపడింది. 1938లో, 52 ఏళ్ల వయసులో, ఇంగ్లీషు సరిగా రాకుండానే అమెరికా వెళ్లి చికాగోలో ఆర్కిటెక్చర్ పాఠాలు చేపట్టారు.

స్టూడియోలో పిల్లలకు రాగానే బిల్డింగ్ డిజైన్ ఇచ్చేవారు కాదు. ముందు గీతలు. తర్వాత చెక్క, రాయి, ఇటుక. ఆపైనే స్టీలు, కాంక్రీటు. గోడ మూల తిరిగేచోట ఇటుకలెలా కూర్చోవాలో ఒక్కొక్కటీ గీయాల్సిందే. మన సైట్‌కొచ్చే కొత్త ఇంజనీర్లకు ఆ పాఠం ఎవరూ చెప్పినట్టు లేదు!

ఆ స్టూడియోల కోసమే 1956లో క్రౌన్ హాల్ కట్టారు. 220 అడుగుల పొడవు, 120 వెడల్పు. పైకప్పును నాలుగు పెద్ద స్టీలు గర్డర్లకు వేలాడదీశారు, లోపల ఒక్క స్తంభం లేదు. ఆయన 1969లో చికాగోలోనే కన్నుమూశారు.