మాక్స్ ఫాక్టర్

మాక్స్ ఫాక్టర్ (సుమారు 1877 - ఆగష్టు 30, 1938) పోలండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ మేకప్ కళాకారుడు, సౌందర్య సాధనాల తయారీదారు. ఒక వ్యక్తి యొక్క చర్మపు చాయ, జుట్టు రంగు, కనుల రంగు - ఈ మూడింటిని బట్టి పౌడరు, రూజు, లిప్‌స్టిక్ రంగులను ఎన్నుకోవాలనే పద్ధతిని ఇతడు 1918లో ప్రవేశపెట్టాడు. దీనికి కలర్ హార్మొనీ, అనగా వర్ణ సామరస్యము అని పేరు. సినిమా నటీనటుల కొరకు ఇతని సంస్థ తయారుచేసిన పాన్‌కేక్ అనే మేకప్ పదార్థం మద్రాసు స్టూడియోల వరకు వ్యాపించి, తెలుగు నాటక, సినిమా రంగాలలో ఒక వాడుక మాటగా స్థిరపడింది.

బాల్యము

మాక్స్ ఫాక్టర్ అసలు పేరు మాక్సిమిలియన్ ఫాక్టరోవిచ్. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో భాగంగా ఉన్న పోలండులోని లోడ్జ్ ప్రాంతంలో ఒక పేద యూదు కుటుంబంలో జన్మించాడు. చదువుకోవలసిన వయసులోనే పనిలో చేరవలసి వచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులో దంతవైద్యము, మందుల తయారీ చేసే ఒకరి వద్ద సహాయకునిగా కుదిరాడు. పొడులు నూరడం, పాళ్ళు కలపడం అక్కడే అలవడినాయి. తొమ్మిదవ యేట విగ్గులు, అలంకరణ సామగ్రి తయారుచేసే ఒక పనివాని వద్ద శిష్యునిగా చేరాడు. ఆ తరువాత బెర్లిన్ నగరంలోనూ, పద్నాలుగేళ్ళ వయసులో మాస్కోలోనూ పనిచేశాడు. మాస్కోలో ఇతడు చేరిన సంస్థ రాజాస్థానపు సంగీత నాటకశాలకు విగ్గులు, మేకప్ సమకూర్చేది.

పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత రష్యా సైన్యంలో నిర్బంధ సేవ చేసి, అది ముగిసిన పిమ్మట ర్యజాన్ పట్టణంలో సొంత దుకాణం తెరిచాడు. తాను స్వయంగా తయారుచేసిన క్రీములు, రూజులు, అత్తరులు, విగ్గులు అక్కడ అమ్మేవాడు. ఇతని సామగ్రిని వాడిన ఒక నాటక బృందం రాజకుటుంబం ఎదుట ప్రదర్శన ఇవ్వడంతో ఇతని నైపుణ్యం రాజాస్థానం దృష్టిలో పడింది.

రష్యా నుండి నిష్క్రమణ

రాజాస్థానపు కొలువు గౌరవప్రదమైనదే గాని స్వేచ్ఛ లేనిది. ఆస్థాన పరివారానికి ఇతని కదలికలపై నిఘా ఉండేది. ఈ కారణంగా ఎస్తర్ రోజా అనే యువతితో జరిగిన వివాహాన్ని, పిల్లలు కలిగిన సంగతిని ఇతడు రహస్యంగా ఉంచవలసి వచ్చింది. అదే కాలంలో రష్యాలో యూదులపై దాడులు పెరిగాయి. ఇతని జీవితచరిత్రలలో ఉన్న కథనం ప్రకారం, ముఖానికి పసుపు వన్నె మేకప్ పూసుకొని కామెర్ల రోగి వలె కనిపించి, నీటి చికిత్స కొరకు కార్ల్స్‌బాడ్ వెళ్ళడానికి అనుమతి సంపాదించాడు. అక్కడ భార్యాపిల్లలను కలుసుకొని ఓడ ఎక్కి 1904లో అమెరికా చేరాడు. ఫాక్టరోవిచ్ అనే ఇంటిపేరు ఫాక్టర్‌గా కుదించబడింది అక్కడే.

అమెరికాలో తొలి సంవత్సరాలు

1904లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఇతడు తన సరుకు అమ్మకానికి పెట్టాడు. భాషరాని ఇతనిని వ్యాపార భాగస్వామి మోసగించి సొమ్ముతో పరారయ్యాడు. 1906లో భార్య ఎస్తర్ మరణించింది. రెండవ వివాహం కొద్దికాలానికే విడాకులతో ముగిసింది. 1908లో జెన్నీ కుక్‌ను వివాహమాడి, అదే సంవత్సరం కుటుంబంతో లాస్ ఏంజెలెస్ నగరానికి తరలివెళ్ళాడు. 1909లో అక్కడ నాటక సామగ్రి, విగ్గుల దుకాణం ప్రారంభించాడు.

ఆ రోజులలో చలనచిత్ర పరిశ్రమ లాస్ ఏంజెలెస్‌లో వేళ్ళూనుకుంటున్నది. 1914లో సెసిల్ బి. డెమిల్ తీసిన ది స్క్వా మాన్ చిత్రానికి ఇతడు నిజమైన జుట్టుతో చేసిన విగ్గులను అద్దెకు ఇచ్చాడు. ఖరీదైన ఆ విగ్గులు పోకుండా చూడడానికి తన కుమారులనే ఆ చిత్రంలో చిన్న వేషాలకు పంపాడు.

సినిమా మేకప్

నాటకాలలో వాడే గ్రీజు పెయింటు కడ్డీల రూపంలో, దట్టంగా ఉండేది. దూరం నుండి చూసే ప్రేక్షకునికి అది సరిపోయినా, సమీప చిత్రణలో ఎండి పగుళ్ళు బారినట్లు కనిపించేది. 1914లో మాక్స్ ఫాక్టర్ పలుచని క్రీము రూపంలో 12 రంగులలో గ్రీజు పెయింటును తయారుచేశాడు. ముఖ కవళికలకు అనుగుణంగా సాగే ఈ మేకప్ నటులకు ఎంతో అనుకూలమైనది.

అప్పటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపు రంగును గ్రహించలేదు. అందువలన ఎర్రని పెదవులు తెరపై నల్లగాను, నీలి కనులు తెల్లబారినట్లుగాను కనిపించేవి. 1920ల ద్వితీయార్ధంలో అన్ని రంగులను గ్రహించే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము, టంగ్‌స్టన్ దీపాలు వాడుకలోకి రావడంతో పాత మేకప్ రంగులు పనికిరాకుండా పోయాయి. ఫిల్ముకు, దీపాల కాంతికి తగినట్లు కొత్త రంగుల శ్రేణిని 1928లో ఇతడు రూపొందించాడు. ఒక రంగు దానంతట అది అందమైనదో కాదో చెప్పలేమని, ఏ చర్మంపై, ఏ వెలుగులో చూస్తున్నామన్నది ముఖ్యమని ఈ అనుభవం నిరూపించింది.

వర్ణ సామరస్య పద్ధతి

20వ శతాబ్దపు తొలినాళ్ళలో అమెరికాలో ముఖానికి రంగు వేసుకోవడం గౌరవప్రదమైన స్త్రీలకు తగని పనిగా భావించబడేది. మేకప్ అనే మాట కూడా నాటకాల వారి మాటగానే ఉండేది. 1920ల నుండి మాక్స్ ఫాక్టర్ తన సరుకును ఆ పేరుతోనే సాధారణ గృహిణులకు అమ్మసాగాడు. ఇందుకు కలర్ హార్మొనీ పద్ధతి ఆధారమయింది.

ఈ పద్ధతిలో పౌడరు, రూజు, లిప్‌స్టిక్ విడివిడిగా గాక ఒకే కూర్పుగా ఎన్నుకోవాలి. జుట్టు రంగును బట్టి స్త్రీలను నాలుగు తరగతులుగా విభజించారు: బంగారు వన్నె జుట్టు గలవారు, ఎర్రని జుట్టు గలవారు, గోధుమ వన్నె జుట్టు గలవారు మరియు నల్లని జుట్టు గలవారు. పత్రికలలో వచ్చే ప్రకటనలతో పాటు ఒక కూపన్ ఉండేది. చర్మపు చాయ, కనులు, జుట్టు రంగులకు ఎదురుగా గుర్తులు పెట్టి, కొద్ది సెంట్ల రుసుముతో పంపినవారికి వారికి తగిన రంగుల పట్టిక, పుస్తకం, నమూనాలు తపాలాలో అందేవి.

1935లో హాలీవుడ్‌లో పునర్నిర్మించి ప్రారంభించిన ఇతని మేకప్ భవనంలో నాలుగు తరగతులకు నాలుగు గదులు కేటాయించారు. బంగారు వన్నె జుట్టు వారికి నీలం గది, ఎర్రజుట్టు వారికి ఆకుపచ్చ గది, నల్లజుట్టు వారికి గులాబీ గది, గోధుమ జుట్టు వారికి పీచ్ రంగు గది ఉండేవి. ఆయా తరగతి వారి ముఖవర్ణం చక్కగా కనిపించేందుకు గోడల రంగులు ఎంపిక చేయబడినాయి.

పాన్‌కేక్

1930లలో టెక్నికలర్ వర్ణచిత్రాలు మొదలైనపుడు గ్రీజు పెయింటు మెరుపు సమస్యగా మారింది. మెరిసే ముఖంపై పక్కనున్న దుస్తుల రంగులు ప్రతిఫలించేవి. దీనికి పరిష్కారంగా ఇతడు, ఇతని కుమారుడు ఫ్రాంక్ కలిసి టాల్కు ఆధారమైన బిళ్ళ రూపంలోని మేకప్‌ను తయారుచేశారు. తడి స్పాంజితో అద్దితే ఇది మెరుపు లేని పలుచని పొరగా చర్మాన్ని కప్పుతుంది. 1937లో విడుదలైన వోగ్స్ ఆఫ్ 1938 చిత్రంలో దీనిని వాడారు. ఆ చిత్రంలో నటించిన యువతులు ఈ బిళ్ళలను ఇళ్ళకు తీసుకుపోయేవారట. అయితే స్టూడియో దీపాల కొరకు చేసిన రంగులు బయట ముదురుగా కనిపించేవి. అందుచేత లేత రంగులు తయారుచేసి 1938లో బజారులో విడుదల చేశారు.

మరణము

1938లో ఐరోపా పర్యటనలో ఉండగా పారిస్ నగరంలో సొమ్ము కోరుతూ ఇతనికి ఒక బెదిరింపు లేఖ వచ్చింది. ఆ దిగులుతో ఆరోగ్యం దెబ్బతినగా అమెరికాకు తిరిగివచ్చి, ఆగష్టు 30, 1938న బెవర్లీ హిల్స్‌లో మరణించాడు. కుమారుడు ఫ్రాంక్ తన పేరును మాక్స్ ఫాక్టర్ జూనియర్‌గా మార్చుకొని సంస్థను నడిపించాడు. 1973లో కుటుంబం చేతి నుండి వెళ్ళిన ఈ సంస్థ తరువాత రెవ్లాన్, 1991లో ప్రాక్టర్ అండ్ గాంబుల్, 2016లో కోటీ సంస్థల అధీనంలోకి వచ్చింది. హాలీవుడ్‌లోని ఇతని మేకప్ భవనం 2003 నుండి హాలీవుడ్ మ్యూజియంగా ఉన్నది.

తెలుగు నాట ప్రభావము

తెలుగు వారి ప్రదర్శన కళలలో ముఖానికి రంగు వేసుకొనే సంప్రదాయం ప్రాచీనమైనది. కూచిపూడి భాగవతులు, వీధినాటకాల వారు పూర్వం ముఖానికి అర్దళం పూసుకొని, కాటుకతో కనులు, మీసాలు తీర్చుకొనేవారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ప్రాంతాలలో భారత ఉత్సవాల సందర్భంగా రాత్రులు వీధినాటకాలు ప్రదర్శించే ఆచారం ఉన్నది. కాగడాల వెలుగులో దూరం నుండి చూసేవారికి పాత్ర తెలియాలన్నదే అక్కడ రంగు యొక్క ప్రయోజనం. నటుని సొంత చాయకు అక్కడ ప్రాధాన్యం లేదు.

సినిమా వచ్చిన తరువాత పాన్‌కేక్ ప్రవేశించింది. ఎస్.ఎస్. వాసన్ 1940లో స్థాపించిన మద్రాసులోని జెమినీ స్టూడియోలో దీని వాడకం గురించి, సికింద్రాబాదులో జన్మించి ఆ స్టూడియోలో పనిచేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ తన జ్ఞాపకాలలో వివరించాడు. స్టూడియో వారు పాన్‌కేక్‌ను లారీలకొద్దీ కొనేవారని, వేడి దీపాల కింద దట్టంగా పూసిన ఈ మేకప్ చూడచక్కని వారిని కూడా వికారంగా మార్చేదని, గుంపు సన్నివేశాల నటులకు పెద్ద పాత్రలో రంగు కలిపి కుంచెతో పూసేవారని ఆయన వ్రాశాడు. భిన్న ప్రాంతాల వారు పనిచేసిన ఆ మేకప్ విభాగంలో ఒక ఆంధ్రుడు కూడా ఉండేవాడు. ఎవరి చాయకు తగిన రంగు వారికన్న మాక్స్ ఫాక్టర్ సూత్రానికి ఇది పూర్తిగా వ్యతిరేకమైన వాడకం. 1963లో లవకుశతో తెలుగులో పూర్తినిడివి వర్ణచిత్రం వచ్చేనాటికి రంగుల ఎంపిక మరింత ముఖ్యమయింది.

ఋతువుల వర్గీకరణ

జుట్టు, కనులు, చర్మం కలిపి చూసే ఈ ఆలోచనకు మరొక రూపం ఋతువుల వర్గీకరణ. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో బోధించిన స్విస్ చిత్రకారుడు యోహన్నెస్ ఇట్టెన్ రంగులను ఋతువులతో పోల్చి వివరించాడు. అమెరికాలో సుజాన్ కేగిల్ దీనిని వ్యక్తుల అలంకరణకు అన్వయించగా, 1980లో కరోల్ జాక్సన్ వ్రాసిన కలర్ మి బ్యూటిఫుల్ గ్రంథం విస్తృత ప్రచారం కల్పించింది. ఈ పద్ధతిలో వసంతం, శరత్తు పసుపు జీర గల వెచ్చని వర్ణాలు; వేసవి, శీతాకాలం నీలి జీర గల చల్లని వర్ణాలు.

పరిమితులు

మాక్స్ ఫాక్టర్ పద్ధతి శ్వేతజాతి స్త్రీల వర్ణభేదాలపై నిర్మించబడినది. అతని కూపన్లలో చర్మపు చాయల జాబితా చాలా తెలుపుతో మొదలై ఆలివ్ చాయతో ముగిసేది. చామనచాయకు గాని, నలుపుకు గాని అందులో గడి లేదు. జుట్టు, కనులు నల్లగా ఉండే తెలుగు స్త్రీలందరూ, వారి చర్మపు చాయ ఏదైనప్పటికీ, ఒకే తరగతిలోకి వస్తారు. ఋతువుల వర్గీకరణలోనూ ఆసియా, ఆఫ్రికా వారిలో అత్యధికులను శీతాకాలం వర్గంలోనే చేర్చారు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టే వర్గీకరణ ఎంపికకు తోడ్పడదు. పైగా ముదురు రంగుల పౌడర్లు దొరకని కాలంలో చామనచాయ గలవారు లేత రంగులే వాడవలసి వచ్చి, ముఖం బూడిద పూసినట్లు కనిపించేది. అది తమ చాయలోని లోపమని భావించినవారు ఎందరో. నిజానికి లోపం రంగుల పట్టికది.

జుట్టు, కనులు భేదం చూపని చోట చర్మంలోని జీర పసుపుదా, ఎరుపుదా, ఆకుపచ్చదా అన్నది, చాయ ఎంత ముదురు అన్నది ప్రధానమవుతాయి. అందుకే నేడు ఫౌండేషన్ రంగును చేతిపై గాక దవడ అంచున, పగటి వెలుగులో పరీక్షించి ఎన్నుకోవాలని మేకప్ కళాకారులు సూచిస్తారు. ఎండకు చర్మం కమిలే వేసవిలో ఒక రంగు, శీతాకాలంలో మరొక రంగు అవసరం కావచ్చును. వెలుగును, చర్మాన్ని చూసిన తరువాతనే రంగును నిర్ణయించాలన్న మాక్స్ ఫాక్టర్ మూలసూత్రం మాత్రం అతని పట్టికలు కాలం చెల్లిన తరువాత కూడా నిలిచి ఉన్నది.