కరువులో బాప్తిస్మం ఆపిన క్లౌ దొర

కరువంటే ఏమిటో ముదిగుబ్బ సంఘాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1876లో మొదలైన ధాత కరువు మన సీమను ఎండగట్టింది, ఒంగోలునూ వదల్లేదు. అక్కడ సేవచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌను ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

1836లో అమెరికాలో పుట్టిన క్లౌ 1866లో భార్యతో ఒంగోలులో కాపురం పెట్టారు. మొదట అగ్రవర్ణాలవారు ఆసక్తిగా వాక్యం విన్నారు. ఇంతలో తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య సాక్ష్యం విని మాదిగలు బాప్తిస్మం కోరి వచ్చారు. వీళ్లను చేర్చుకుంటే మేము రామని పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ ఒక గదిలో, భార్య మరో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు ప్రార్థించి బైబిలు తెరిచారు. ఇద్దరికీ కనబడింది 1 కొరింథీ 1:26 మొదలుకొని ఉన్న వచనాలే! ఇక తర్జనభర్జన లేదు. మాదిగలను చేర్చుకున్నారు, పెద్దలు దూరమయ్యారు.

కరువు ముదిరాక క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశారు. పని మధ్యలో బోధకులు సువార్త చెప్పేవారు. జనం బాప్తిస్మం అడిగితే మాత్రం ఇవ్వలేదు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని 15 నెలలు ఆపారు. సంఘాల లెక్కలు చూసి మురిసిపోయే మనలో ఎంతమందికి అంత గుండె ఉంది?

కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు.