సవర పిల్లల కోసం పలక పట్టిన పంతులు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు పేరు చెప్పగానే మనకు వాడుక భాష ఉద్యమం గుర్తుకొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే తెలుగు కోసం గొంతెత్తడానికి ముందే ఆయన మరో భాష కోసం పాటుపడ్డారు. అది కొండల్లో బతికే సవరల భాష. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటిగా చదువుకునే పిల్లలున్న మనం ఆ కథ తెలుసుకోవాలి.

రామమూర్తి 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదివేటప్పుడు గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలుండేవారు. వారి భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తానే వారి భాష నేర్చుకోవాలని పంతులుగారు నిశ్చయించుకున్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని ఒక్కొక్క మాటా నేర్చుకున్నారు.

అది తేలికైన పని కాదు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. సంతాలీ, ముండారీలకు చుట్టం. తెలుగుతో బంధుత్వం లేదు. గొంతులో ఊపిరి బిగబట్టి పలికే ధ్వని అందులో ఉంది. క్రియలోనే కర్మను ఇమిడ్చి ఒకే మాటగా చెప్పే పద్ధతి ఉంది. ఆటవికుల మాటకు వ్యాకరణమేమిటి అనుకునే వారి కాలంలో ఆయన ఆ వ్యాకరణాన్ని ఓపికగా రాసి చూపించారు.

సవర భాషలో వాచకాలు తయారుచేశారు. కథలు, పాటలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. 1911లో ఆ వాచకాలను మద్రాసు ప్రభుత్వమే అచ్చువేయించింది. పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్లు.

దానికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. మనుషుల నోటి మాటే ప్రాణంగా బతికిన మనిషికి చెవులు పనిచేయకుండా పోయాయి. అయినా పని మానలేదు.

సవర పిల్లలకు వారి మాటల్లోనే పుస్తకం రాసిన మనిషి, తెలుగు పిల్లలకు ఎవరూ మాట్లాడని తెలుగులో పాఠాలుంటే ఊరుకోగలరా? విద్యాశాఖలో ఉన్న జె.ఎ. యేట్స్ కూడా అదే ప్రశ్న వేయడంతో వాడుక భాష ఉద్యమం మొదలైంది. ఎదురైన పండితులతో పంతులుగారు ఏళ్ల తరబడి వాదించారు. 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. జీవితమంతా పనిచేసిన ఊళ్లో ఆయన తెలుగు అల్పసంఖ్యాకుల భాష అయింది. అది ఇష్టంలేక రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం పల్లెల్లో మన పరిస్థితి వేరు. కన్నడం మనకు పరాయిది కాదు. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన నేల ఇది. మన పిల్లలకు కన్నడం బాగా రావాలి. కానీ ఒకటో తరగతికి వచ్చే బిడ్డ అవ్వ దగ్గర నేర్చిన తెలుగుతో వస్తుంది. అందులో కన్నడ మాటలు కలిసి ఉండొచ్చు, యాస వేరుగా ఉండొచ్చు. దాన్ని చూసి నవ్వితే బిడ్డ నోరు మూసుకుంటుంది. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఆ అవకాశం నిలవాలంటే తల్లిదండ్రులు పిల్లల్ని తెలుగు తరగతిలో చేర్చాలి, పంతుళ్లు వారి మాటతోనే పాఠం మొదలుపెట్టాలి. గిడుగువారు సవర కొండల్లో చేసింది అదే. ముందు పిల్లల మాట తాను నేర్చుకున్నారు, తర్వాతే వారికి అక్షరాలు నేర్పారు.