బ్రాంచి రికీ: మారకమును మన్ననయును

ఆటగాని గూర్చి లోకమడుగు ప్రశ్నలు రెండు. వానిని ఎప్పుడు విడువవలెను? వానిని ఎట్లు గౌరవింపవలెను? మొదటిది వర్తకుని ప్రశ్న. రెండవది న్యాయాధిపతి ప్రశ్న. ఈ రెంటిని కలగలిపి మాటలాడుటచేతనే అమెరికా సంయుక్తరాష్ట్రములలో బేసుబాలు క్రీడను గూర్చిన వాదములు తరతరములుగ తెగకున్నవి. ఈ రెండు ప్రశ్నలకును తన జీవితమునే ఉదాహరణముగ విడిచిపోయిన పురుషుడు బ్రాంచి రికీ.

ఆయన 1881 వ సంవత్సరము డిసెంబరు 20 వ తేదీన ఒహాయో రాష్ట్రమున జన్మించెను. వారి కుటుంబము మెథడిస్టు క్రైస్తవశాఖకు చెందినది. ఆదివారము ఆటకు పోరాదను ఇంటి నియమమును ఆయన క్రీడయే జీవనోపాధియైన పిదపకూడ పాటించెను. ఆటగాడుగ మాత్రమాయనకు కీర్తి దక్కలేదు. కొట్టువాని వెనుక కూర్చుండి బంతిని పట్టుట ఆయన పని. 1907 వ సంవత్సరమున న్యూయార్కు జట్టులో ఆడుచుండగా ఒక్క ఆటలోనే ప్రత్యర్థులు 13 మారులు ఆయన కన్నుగప్పి స్థావరములు మారిరి. తనకు చేతగానిదేదో తెలిసికొనిన రికీ మిషిగను విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమభ్యసించి 1911 లో పట్టముపొందెను. తాను ఆడజాలకపోయినను, ఎవడు ఆడగలడో ముందుగ కనిపెట్టుటలో ఆయనకు సాటి లేదని త్వరలోనే లోకమునకు తెలిసెను.

ఒహాయో వెస్లియను కళాశాల జట్టునకు శిక్షకుడుగ నున్న రోజులలో జరిగిన సంగతి నొకదానిని ఆయన జీవితాంతము చెప్పుచుండెను. జట్టులో చార్లెసు థామసు అను నల్లజాతి విద్యార్థి యుండెను. సౌత్ బెండు పట్టణమున హోటలువారు ఆ యువకునికి చోటీయ నిరాకరించిరి. రికీ వాదించి తన గదిలోనే అతనికొక మంచము వేయించెను. ఆ రాత్రి థామసు తన చేతుల చర్మమును రుద్దికొనుచు, ఈ రంగు పోయిన బాగుండునని విలపించెనట. బసలో చోటు లేదనిన మాటకు అర్థమేమో మన దేశమువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1917 వ సంవత్సరమున రికీ సెయింటులూయీ కార్డినల్సు సంఘమున చేరెను. అది ధనములేని సంఘము. సిద్ధమైన ఆటగాండ్రను వెలపెట్టి కొనుటలో న్యూయార్కువారితో పోటీపడు శక్తి దానికి లేదు. అందుచే రికీ మన రైతునకు చిరపరిచితమైన మార్గమునే అవలంబించెను: నారు కొనలేనివాడు నారుమడి పోసికొనవలెను గదా! చిన్న పట్టణములలోని సంఘములను ఒక్కొక్కటిగ చేజిక్కించుకొని, అచట బాలురను పెంచి, ఏపుగ నెదిగినవారిని పెద్దజట్టునకు తెచ్చుచుండెను. 1940 నాటికి అట్టి చిన్న సంఘములు 30కి పైబడెను. ఫలితము ప్రత్యక్షము. 1926, 1931, 1934, 1942 సంవత్సరములలో ఆ జట్టు సర్వోన్నత విజయము నందెను.

కాని నారుమడిలో మొక్కలకు నోరు లేదు, మనుష్యులకు గలదు. ఆ కాలపు నిబంధనల ప్రకారము, ఒక సంఘమునకు వ్రాలుచేసిన ఆటగాడు ఆ సంఘము విడిచిననే గాని వేరొకచోట ఆడరాదు. సంఘము తలచిన అతనిని అడుగకయే అమ్మవచ్చును, మార్చవచ్చును. ఇట్లు చిన్న జట్లలో మ్రగ్గుచున్న 70 మందికి పైగా యువకులను 1938 లో క్రీడాధిపతి లాండిసు రికీ చేతినుండి విడిపించెను. ఆటగాండ్ర విక్రయమున రికీకి స్వంతముగ వాటాకూడ నుండెను. తూచువాడే లాభము పంచుకొనుచుండగా తూనికపై సందేహము కలుగుట సహజము.

అయినను తూనిక మాత్రము సామాన్యముగ తప్పలేదు. ఎద్దు పండ్లూడిన పిదప సంతకు తోలువానికి వెల రాదు. ఇంకను కాడి లాగుచుండగనే అమ్మవలెను. రికీ సూత్రమిదియే. ఒక ఏడాది ఆలస్యమగుటకంటె ఒక ఏడాది తొందరయే మేలని ఆయన నమ్మకము. 1934 లో 30 విజయములు సాధించిన డిజీ డీను అను బంతివిసరువాడు ప్రజలకు ఆరాధ్యదైవము. 1937 లో కాలివ్రేలు విరుగగా, ఆ నొప్పితోనే విసరి భుజమును చెడగొట్టుకొనెను. 1938 ఏప్రిలులో రికీ అతనిని షికాగోవారికిచ్చి, ముగ్గురు ఆటగాండ్రను, 1,85,000 డాలర్లను గైకొనెను. ఏరు దాటి తెప్ప తగలవేసినాడని జనులు దూషించిరి. కాని డీను ఆ యేట 7 ఆటలే గెలిచెను. వచ్చిన ముగ్గురిలో నొకడగు కర్టు డేవిసు మరుసటి యేట 22 గెలిచెను.

సూత్రము సర్వత్ర ఫలించెననుట మాత్రము సత్యము కాదు. 1941 డిసెంబరులో, ఇంకను 29 ఏండ్లైన నిండని జానీ మైజును రికీ న్యూయార్కు జయంట్సు సంఘమునకు ఇచ్చివేసెను. ఆ మైజు నావికాదళమున మూడేండ్లు పనిచేసి వచ్చియు 1947 లో 51 మారులు బంతిని మైదానము దాటించెను. ఎద్దు పండ్లు చూచినవారు మనుజుని ఆయుర్దాయము చూడజాలరు.

1942 లో రికీ బ్రూక్లిను డాడ్జర్సు సంఘమునకు మారెను. పెద్ద జట్లలో నల్లజాతివారికి ప్రవేశము లేని కాలమది. చట్టము లేదు, కట్టుబాటు గలదు. 1945 ఆగస్టు 28 వ తేదీన రికీ జాకీ రాబిన్సను అను యువకుని పిలిపించి, అవమానములకు ప్రతిక్రియ చేయక సహింపగలవాయని గంటలకొలది పరీక్షించెను. 1947 ఏప్రిలు 15 వ తేదీన రాబిన్సను బ్రూక్లిను మైదానమున అడుగిడెను. దూషణములను, బెదిరింపులను సహించి, 1949 లో తన లీగునందలి ఉత్తమ క్రీడాకారుడయ్యెను.

ఆ జట్టులోనే డిక్సీ వాకరను ప్రముఖుడు తనను వేరొక జట్టునకు పంపుమని కోరియుండెను. రికీ కోపమునకు లోబడలేదు. ఆ యేడు గడచువరకు వాకరును ఆడించి, డిసెంబరులో పిట్సుబర్గునకు పంపి, ప్రీచరు రో, బిల్లీ కాక్సు అను వారలను రాబట్టెను. వారిరువురును తరువాతి విజయములకు స్తంభములైరి. ధర్మకార్యమున సైతము ఆయన వర్తకబుద్ధిని విడువలేదు.

ఆ బుద్ధియే ఒకచోట కళంకమైనది. రాబిన్సను అంతకుముందాడిన కాన్సాసుసిటీ మొనార్క్సు నల్లజాతివారి లీగునకు చెందిన సంఘము. దానికి రికీ కాసైన ఈయలేదు. డీను వెల 1,85,000 డాలర్లు. రాబిన్సను వెల సున్న! అదే 1947 లో లారీ డోబీని గైకొనిన క్లీవ్లండువారు ఆతని పూర్వసంఘమునకు ధనము చెల్లించిరి. కావున చెల్లించుట అసాధ్యమను వాదము నిలువదు.

1950 లో రికీ బ్రూక్లినును విడిచిపోయెను. 1956 డిసెంబరులో ఆ సంఘమువారు రాబిన్సనునే తమ ప్రబలవిరోధులగు జయంట్సునకు మార్చిరి. అతడు అచటికి పోక క్రీడను త్యజించెను. ఆటగాని సమ్మతి లేని మారకపు పద్ధతిపై కర్టు ఫ్లడ్డను క్రీడాకారుడు న్యాయస్థానమునకెక్కి 1972 లో ఓడెను. 1975 నాటి మధ్యవర్తి తీర్పుతో గాని ఆ సంకెల సడలలేదు.

ఇక మన్నన మాట. న్యూయార్కు రాష్ట్రమందలి కూపర్సుటౌనను గ్రామమున ఈ క్రీడకు కీర్తిమందిరము గలదు. 1936 లో మొదటి ఎన్నిక జరిగెను. పత్రికారచయితలలో నూటికి 75 మంది సమ్మతించిననే ప్రవేశము. 1953 లో డీను ఎన్నికయ్యెను. అతని జీవితవిజయములు 150 మాత్రమే గదా యని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణము కొలమానములను తారుమారు చేయుచున్నది. మారకము రేపటిని చూచును. మన్నన నిన్నటిని చూచును. 1938 లో డీనును విడుచుటయు న్యాయమే. 1934 నాటి డీనును స్మరించుటయు న్యాయమే.

అన్యాయమైనది వేరొకటి. నల్లజాతి క్రీడాకారులలో అగ్రగణ్యుడగు జాషు గిబ్సను 1947 జనవరిలో, అనగా రాబిన్సను ప్రవేశమునకు మూడు మాసములముందు, 35 ఏండ్లకే మరణించెను. మందిరమున అతనికి చోటు 1972 లో దొరకెను. అతని లీగుల లెక్కలు పెద్ద లీగుల లెక్కలలో చేరినది 2024 లో. చచ్చినవాని కండ్లు చారెడు. బ్రతికియున్నపుడు మైదానమునకే రానీయనివారు చచ్చినపిదప శిలాఫలకమెత్తిన ఋణము తీరునా?

రికీ 1965 నవంబరు 13 వ తేదీన మిస్సోరి రాష్ట్రమున తనకు జరిగిన సన్మానసభలో మాటలాడుచునే కూలి, తెలివి రాకయే డిసెంబరు 9 వ తేదీన పరమపదించెను. 1967 లో కూపర్సుటౌనున ఆయనకును స్థానము లభించెను. ఆ స్థానము ఆయనకు తగినదే. అయితే నారుమడి వేసిన నేర్పునకు గాదు, డీనును సకాలమున అమ్మిన చాతుర్యమునకు గాదు. అవి లాభముతో తమ కూలి తాము తీసికొనినవి. మూసియున్న తలుపును తెరచుటకు ఆయన తన పేరును, తన సంఘమును పణముగ నొడ్డెను. ఆ తలుపుననే ప్రవేశించినవాని పూర్వసంఘమునకు మాత్రము బాకీపడెను. మన్ననలో మొదటిదానిని వ్రాయుడు, రెండవదానిని చెరిపివేయకుడు. జమయు ఖర్చును రెండును చూపని లెక్క లెక్క కాదని వర్తకుడైన రికీయే ఒప్పుకొనియుండును.