సైలెన్సర్ మారుస్తున్నారా? ముందు ఈయన కథ తెలుసుకోండి.. తండ్రి మెషిన్ గన్ చేస్తే, కొడుకు చప్పుడు తగ్గించాడు!

వీకెండ్ వచ్చిందంటే చాలు.. రాత్రి పది దాటాక హైటెక్ సిటీ, మాదాపూర్, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి చుట్టుపక్కల ఫ్లాట్లలో ఉండేవాళ్లకు ఓ చప్పుడు బాగా అలవాటు. కంపెనీ సైలెన్సర్ పీకేసి, బయట మార్కెట్‌లో కొన్నది బిగించిన బండి చప్పుడు అది. బుల్లెట్ బైకులతో మొదలైన ఈ సరదా ఇప్పుడు టర్బో డీజిల్ పికప్ ట్రక్కుల దాకా వచ్చింది. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి బండ్లు ఐటీ కారిడార్‌లో బాగానే కనిపిస్తున్నాయి. రెండింట్లోనూ ఉన్నది 4 సిలిండర్ల టర్బో ఇంజనే. ఇసుజు ట్రక్కులైతే మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతున్నాయి.

అసలు ఈ సైలెన్సర్ అనే మాటను ప్రపంచమంతా పాపులర్ చేసింది ఎవరో తెలుసా? ఆయన పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఆయన 1936లోనే చనిపోయాడు. కానీ ట్రక్‌కు ఏ సైలెన్సర్ పెట్టాలా అని గ్యారేజీల చుట్టూ తిరుగుతున్న కుర్రాళ్లకు ఆయన జీవితంలోనే సమాధానం ఉంది.

తండ్రి చేసింది మెషిన్ గన్

పెర్సీ 1869 సెప్టెంబర్ 2న అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ మామూలు మనిషి కాదు. ప్రపంచ యుద్ధాల రూపురేఖలనే మార్చేసిన మాక్సిమ్ మెషిన్ గన్ ఆయన తయారుచేసిందే. బాబాయ్ హడ్సన్ మాక్సిమ్ పేలుడు పదార్థాల నిపుణుడు. అంటే ఇంటి నిండా పేలుళ్ల వ్యవహారమే!

కానీ ఆ ఇంట్లో ఓ లోటు ఉండేది. 1881లో తండ్రి పని మీద యూరప్ వెళ్లాడు. చివరికి లండన్‌లోనే సెటిల్ అయిపోయాడు. అక్కడే మెషిన్ గన్ తయారుచేశాడు, సర్ బిరుదు అందుకున్నాడు. పెర్సీకి అప్పటికి నిండా పన్నెండేళ్లు కూడా లేవు. తండ్రి పేరు ప్రపంచమంతా మోగిపోతుంటే, కొడుకు మాత్రం అమెరికాలో తల్లి దగ్గర పెరిగాడు. మరో విషయం ఏంటంటే, ఏళ్ల తరబడి తుపాకుల మోత మధ్య పనిచేసిన ఆ తండ్రికి ముసలితనంలో చెవులు దాదాపుగా వినిపించకుండా పోయాయి.

పదహారేళ్లకే ఎంఐటీ పూర్తి

పెర్సీ చదువులో చురుకు. 1886లో, ఇంకా పదిహేడో ఏడు నిండకుండానే ఎంఐటీలో చదువు పూర్తి చేశాడు. తర్వాత మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ ఊళ్లో, ఫిరంగి గుళ్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. పగలు ఫ్యాక్టరీ, రాత్రి సొంత ప్రయోగాలు. 1892లో ఓ రాత్రి సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటే, దీనికి ఓ ఇంజన్ తగిలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. జర్మనీలో అప్పటికే కార్లు తిరుగుతున్న సంగతి ఆయనకు తెలియదు. ఖాళీ తూటా గొట్టంలో పెట్రోల్ చుక్క వేసి, అగ్గిపుల్ల గీసి, అది ఎంత బలంగా పేలుతుందో చూసేవాడు. అలా మొదలుపెట్టి 3 సిలిండర్ల ఇంజన్ ఒకటి సొంతంగా తయారుచేసి, మూడు చక్రాల సైకిల్‌కు బిగించాడు.

ఈ పిచ్చి చూసిన పోప్ కంపెనీ 1895లో ఆయన్ని కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌కు పిలిచి, మోటారు బండ్ల విభాగం అప్పగించింది. అక్కడ పెట్రోల్ బండ్లతో పాటు ఎలక్ట్రిక్ బండ్ల మీద కూడా పనిచేశాడు. ఇప్పుడు ఈవీలంటూ మనం మాట్లాడుకుంటున్నాం కానీ, ఆయన ఆ పని చేసి 125 ఏళ్లు దాటింది! 1898లో మేరీల్యాండ్ మాజీ గవర్నర్ కూతురు జోసెఫిన్‌ను పెళ్లి చేసుకున్నాడు.

స్నానాల తొట్టిలో దొరికిన ఐడియా

పెర్సీకి తుపాకీతో గురి చూసి కాల్చడమంటే ఇష్టం. కానీ ఆ మోతకు పక్కవాళ్లు ఇబ్బంది పడుతుంటే ఆ సరదా సరదాలా ఉండదని ఆయనకు అనిపించేది. ఎలాగైనా చప్పుడు తగ్గించాలనుకున్నాడు. మొదట్లో చేసినవేవీ సరిగ్గా పనిచేయలేదు. ఓ రోజు స్నానం చేసి లేస్తుంటే, తొట్టిలోని నీళ్లు సుడి తిరుగుతూ కన్నంలోంచి మెల్లగా దిగడం గమనించాడట. నీటిని ఎవరూ ఆపడం లేదు. అయినా ఒక్కసారిగా పోవడం లేదు. తుపాకీలోంచి వచ్చే గ్యాస్‌ను కూడా ఇలాగే తిప్పి తిప్పి వదిలితే? అక్కడే ఆయనకు దారి దొరికింది.

1909 మార్చి 30న తుపాకీ సైలెన్సర్‌కు పేటెంట్ వచ్చింది. హార్ట్‌ఫర్డ్‌లో సొంత కంపెనీ పెట్టాడు. అమెరికా ప్రెసిడెంట్‌గా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా ఈ సైలెన్సర్ కొన్నవాళ్లలో ఒకరు. ఇక్కడో క్లారిటీ ఇవ్వాలి. ఇంజన్‌కు మఫ్లర్ పెట్టిన మొదటి మనిషి పెర్సీ కాదు. అమెరికాకే చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే ఆ పేటెంట్ తీసుకున్నారు. కానీ చప్పుడు తగ్గించడాన్ని ఓ పెద్ద ఇండస్ట్రీగా మార్చింది మాత్రం మాక్సిమే.

తుపాకీ సైలెన్సర్ చివరికి నేరగాళ్ల వస్తువుగా పేరు తెచ్చుకుంది. 1934లో అమెరికా ప్రభుత్వం దాని మీద 200 డాలర్ల పన్ను వేసింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. అయితే మాక్సిమ్ కంపెనీ అప్పటికే రూటు మార్చేసింది. ఇంజన్లు, కంప్రెసర్లు, ఓడల చప్పుడు తగ్గించే సైలెన్సర్ల మీద దృష్టి పెట్టింది. గాలి లోపలికి వచ్చి, వీధి మోత మాత్రం బయటే ఆగిపోయేలా కిటికీకి పెట్టే పరికరం కూడా అమ్మింది.

మరి ట్రక్‌కు ఏది పెట్టాలి?

పెర్సీ కనిపెట్టిన సూత్రం ఒక్క ముక్కలో చెప్పాలంటే.. గ్యాస్‌ను ఆపొద్దు, ఒక్కసారిగా వదలొద్దు. టర్బో ట్రక్‌కు సైలెన్సర్ ఎంచుకోవడంలో అసలు కిటుకు కూడా ఇదే.

ఇంజన్‌లోంచి వచ్చే పొగ ముందు టర్బోలోని చక్రాన్ని తిప్పుతుంది. అక్కడే ఆ పొగ దెబ్బల్లో జోరు చాలావరకు తగ్గిపోతుంది. అందుకే టర్బో బండ్లు సహజంగానే కాస్త మెత్తగా వినిపిస్తాయి. టర్బో తర్వాత పొగకు అడ్డు ఎంత తక్కువుంటే ఆ చక్రం అంత చురుగ్గా తిరుగుతుంది. లోపల గదులుగదులుగా ఉండి పొగను మలుపులు తిప్పే సైలెన్సర్ చప్పుడు బాగా తగ్గిస్తుంది కానీ, దాంతో అడ్డు కూడా పెరుగుతుంది. మధ్యలో చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్ నింపిన స్ట్రెయిట్ త్రూ రకంలో పొగ తేలిగ్గా పోతుంది. చప్పుడును ఆ ఊల్ పీల్చుకుంటుంది. టర్బోకు ఇది నప్పుతుంది. కాకపోతే డబ్బా పొడవుగా, పెద్దగా ఉండాలి. చూడ్డానికి స్టైల్‌గా ఉందని చిన్న డబ్బా పెడితే మోతే మిగులుతుంది. పైగా ఊల్ కొన్నాళ్లకు అరిగిపోతుంది. అప్పటి నుంచి చప్పుడు పెరుగుతూ పోతుంది.

ఇంకో తలనొప్పి క్యాబిన్‌లో వచ్చే గుయ్యిమనే మోత. 4 సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. 2000 ఆర్పీఎం దగ్గర అంటే సెకనుకు దాదాపు 67 సార్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే స్పీడ్‌లో వెళ్తున్నప్పుడు ఇంజన్ ఇంచుమించు ఆ దగ్గర్లోనే తిరుగుతూ ఉంటుంది. సైలెన్సర్ సరిపడనిదైతే ఆ మోత శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంటుంది. అందుకే షాపులో నిలబెట్టిన బండి రేజ్ చేసి విని కొనేయొద్దు. అదే సైలెన్సర్ ఉన్న బండిలో కూర్చుని హైవే మీద ఓ రౌండ్ వేసి చూడాలి.

ఒక్క సైలెన్సర్ మార్చినంత మాత్రాన పవర్ అమాంతం పెరిగిపోదు. బీఎస్‌6 డీజిల్ బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్, సెన్సర్లు ఉంటాయి. వాటిని పీకేస్తే పొల్యూషన్ నిబంధనలు దాటినట్టే. వారంటీకి కూడా ఎసరు రావొచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. సెక్షన్ 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటిన బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల వరకు ఫైన్, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మూడు నెలలు లైసెన్స్ అర్హత కూడా పోతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబుల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆస్పత్రుల చుట్టూ 100 మీటర్లలో అయితే ఆ పరిమితి 40 మాత్రమే. అంటే సైలెన్సర్ ఎంచుకోవడమంటే ఎంత మోగుతుందని అడగడం కాదు.. కంపెనీది పాడైతే దాని స్థానంలో ప్రమాణాలకు లోబడినది ఏదని అడగడం.

రేడియోలోనూ ఆయనే పెద్ద దిక్కు

చప్పుడు తగ్గించిన మనిషే, దూరాల నుంచి మనుషుల గొంతులు వినిపించే పనికీ పూనుకున్నాడు. 1914లో క్లారెన్స్ టస్కాతో కలిసి అమెరికన్ రేడియో రిలే లీగ్ పెట్టాడు. ఒకరి సిగ్నల్ దూరం వెళ్లకపోతే, మధ్యలో ఉన్నవాళ్లు అందుకుని ముందుకు పంపాలన్నది ఐడియా. 1925లో పారిస్‌లో అంతర్జాతీయ సంఘం ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. తుపానులు, వరదల్లో ఫోన్లు మూగబోయినప్పుడు ఆదుకునే హామ్ రేడియో ఉద్యమం ఇదే. మన హైదరాబాద్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పనిచేసేది కూడా ఈ రంగంలోనే. 1926లో సినిమా సరదా ఉన్నవాళ్ల కోసం అమెచ్యూర్ సినిమా లీగ్‌నూ స్థాపించాడు.

చివరి రోజుల్లో ఆయన తండ్రి గురించి పుస్తకం రాశాడు. తనను చిన్నప్పుడే వదిలి వెళ్లిన మనిషి మీద రాసినా, అందులో చేదు కన్నా నవ్వే ఎక్కువ. 1936 ఫిబ్రవరి 17న, ప్రయాణంలో ఉండగా జబ్బుపడి, కొలరాడో రాష్ట్రంలోని లా హుంటా ఊళ్లో కన్నుమూశాడు. వయసు 66. ఆయన రేడియో కాల్ సైన్ డబ్ల్యూ1ఏడబ్ల్యూ పేరుతో కనెక్టికట్‌లో స్మారక రేడియో స్టేషన్ ఇప్పటికీ నడుస్తోంది.

తన సరదా వల్ల పక్కింటివాళ్లకు నిద్ర పాడవకూడదని ఆలోచించిన మనిషి పెర్సీ మాక్సిమ్. ఆయన కనిపెట్టిన వస్తువు పేరు చెప్పి, అర్ధరాత్రి కాలనీ మొత్తాన్ని లేపడం ఎంతవరకు కరెక్టో బండి కీ తిప్పే ముందు ఆలోచించుకోవాల్సిందే.