బదిలీలలో సాగిన నిఘంటువు – సి.పి. బ్రౌన్ జీవితం

పిల్లలూ,

మొన్న ఒక విద్యార్థి ఇంగ్లీషు వ్యాసంలో ‘ద ఫంక్షన్ వాజ్ టేకెన్ ప్లేస్’ అని రాశాడు. తెలుగులో చెప్పమంటే ‘ఉత్సవం స్థలం తీసుకుంది’ అన్నాడు. రెండూ తప్పే. ‘టేక్ ప్లేస్’ అనే రెండు మాటలకూ కలిపి ఒకటే అర్థం: జరగడం. కాబట్టి ఇంగ్లీషులో ‘టుక్ ప్లేస్’ అని రాయాలి, ‘వాజ్’ చేర్చకూడదు. తెలుగులో ‘ఉత్సవం జరిగింది’ అంటే చాలు.

మాటలను ఇలా కలిపి చూడాలని గ్రహించి, మన కోసం నిఘంటువు రాసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబరు 10న, మన ఖరగ్‌పూర్‌కు దగ్గరలోనే ఉన్న కలకత్తాలో పుట్టారు. పద్నాలుగేళ్లు నిండకముందే తండ్రి పోయారు. ఇంగ్లండులో చదువుకుని, 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చారు. తెలుగు అక్షరాలు దిద్దింది అప్పుడే.

ఆ తర్వాత అన్నీ బదిలీలే. 1820లో కడప, తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్ళీ కడప, 1833 కరువు రోజుల్లో గుంటూరు. వెళ్ళిన ప్రతిచోటా తాళపత్ర గ్రంథాలు సేకరించారు. కడపలో బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి వాటికి శుద్ధప్రతులు రాయించారు. అందుకోసం అప్పులు కూడా చేశారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు.

1850ల తొలి ఏళ్లలో ఆయన తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు మద్రాసులో వెలువడ్డాయి. పండితుల మాటలతో పాటు సామాన్యుల మాటలనూ అందులో చేర్చారు. ఒక మాటకు ఒక అర్థం ఇచ్చి ఊరుకోలేదు, అది వాక్యంలో ఎలా ఒదుగుతుందో కూడా చూపించారు.

ఉద్యోగం విరమించి లండన్ వెళ్ళాక, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

బడి మారినప్పుడల్లా తెలుగు వెనకబడిపోతోందని మీలో చాలామంది నాతో అంటుంటారు. నాకూ ఇది ఎన్నో బదిలీ! బ్రౌన్ గారికి తెలుగు మాతృభాష కాదు, ఏ ఊరూ శాశ్వతం కాదు. అయినా పని ఆపలేదు. మీరూ ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. కొత్త ఇంగ్లీషు పదబంధం కనబడితే విడగొట్టకుండా మొత్తం రాసుకుని, పక్కన మన ఇంట్లో దాన్ని ఎలా అంటామో అమ్మనో నాన్ననో అడిగి రాయండి. వచ్చే బదిలీకి సామాను సర్దేటప్పుడు ఆ పుస్తకం మాత్రం మరచిపోకండి.